క్రిస్మస్ రాత్రి కనబడిన తోకచుక్క



తోకచుక్క పొడిస్తే రాజుకు గండమని, దేశానికి కరువని మన పల్లెల్లో పెద్దలు చెప్పుకునేవారు. ఆ భయము మన దేశానిది మాత్రమే కాదు. ఎప్పుడు వస్తుందో, ఎటు పోతుందో ఎవరికీ తెలియనిది ఆకాశములో కనబడితే ఎవరికైనా గుండె జారుతుంది. ఆ "ఎప్పుడు" అనే ప్రశ్నకు మొట్టమొదట జవాబు దొరికిన సంగతి ఈ నెల మీ ముందుంచుతున్నాము. అందులో చివరి మాట చెప్పినవాడు ఒక రైతు గనుక మన గ్రామీణ కుటుంబములకు ఇది మరింత నచ్చుతుందని మా ఆశ.

1682లో ఇంగ్లండులో ఎడ్మండ్ హేలీ అనే యువకుడు ఒక తోకచుక్కను చూశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. తరువాత న్యూటన్ చూపిన పద్ధతితో, 1337 మొదలు 1698 వరకు కనబడిన 24 తోకచుక్కల మార్గములను లెక్కగట్టాడు. వాటిలో మూడు, అంటే 1531, 1607, 1682 నాటివి, ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. మూడింటి దారి ఒకే వాలులో ఉంది. మూడూ సూర్యుని దగ్గరకు వచ్చే దూరము ఇంచుమించు ఒకటే. గ్రహములన్నీ ఒక దిక్కున తిరుగుతుంటే ఈ మూడూ ఎదురు దిక్కున తిరిగాయి. ఇవి మూడు కావు, ఒక్కటే మళ్లీ మళ్లీ వస్తున్నదని హేలీ నిశ్చయించుకొని, 1758లో తిరిగి వస్తుందని 1705లో అచ్చువేయించాడు. తాను అప్పటికి బ్రతికి ఉండనని ఆయనకు తెలుసు. అది వచ్చినట్లయితే, దీనిని ముందుగా చెప్పినవాడు ఒక ఆంగ్లేయుడని రాబోవు తరమువారు మరువకుందురు గాక అని రాసిపెట్టి, 1742లో కన్నుమూశాడు.

ఆ దారి ఎలాంటిదో తెలుసుకోవాలంటే మీ కళ్ళములో రెండు గూటములు పాతి చూడండి. ఒక తాడు కొసలు కలిపి ముడివేసి, రెండు గూటముల చుట్టూ వదులుగా వేయండి. తాడు బిగువుగా ఉండేలా ఒక పుల్లతో లాగుతూ నేలమీద గీత గీస్తే కోడిగ్రుడ్డు లాంటి ఆకారము వస్తుంది. గూటములు దగ్గరగా ఉంటే గుండ్రముగా, దూరముగా ఉంటే సన్నగా సాగుతుంది. తోకచుక్క దారి అలా బాగా సాగినది. ఒక గూటము దగ్గర సూర్యుడు, రెండవదాని దగ్గర ఏమీ లేదు. హేలీ తోకచుక్క సూర్యునికి సుమారు 8 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దగ్గరకు వస్తుంది, మళ్లీ సుమారు 525 కోట్ల కిలోమీటర్ల దూరము పోతుంది. దగ్గరకు వచ్చినప్పుడు సెకనుకు 54 కిలోమీటర్ల పరుగు, దూరాన ఉన్నప్పుడు ఒక కిలోమీటరు కూడా నడవదు. కనుకనే మనకు కొన్ని నెలలు కనబడి, డెబ్భయి ఏళ్లకు పైగా కనబడకుండా పోతుంది. ఏ మూడు రాత్రులైనా అది ఏ నక్షత్రముల మధ్య ఉన్నదో సరిగా గుర్తిస్తే ఈ గీతను లెక్కతో గీయవచ్చు. రాత్రులు పెరిగేకొద్దీ గీత నిక్కమవుతుంది.

అయితే ఒక చిక్కు ఉంది. 1531 నుండి 1607కు 76 ఏళ్లు దాటాయి, 1607 నుండి 1682కు 75 ఏళ్లు కూడా నిండలేదు. దారిలో గురుగ్రహము, శనిగ్రహము దానిని ఇటు అటు లాగుతున్నాయి. ఎంత లాగాయో తేల్చాలంటే నూట యాభై ఏళ్ల దారిని మెట్టు మెట్టుగా లెక్కవేయాలి. ఫ్రాన్సులో క్లేరో అనే గణిత పండితుడు ఈ పనికి పూనుకున్నాడు. లలాండ్ అనే యువ ఖగోళ శాస్త్రవేత్త, నికోల్ రేన్ లెపోత్ అనే స్త్రీ కలిసి ఆరు నెలలపాటు ఉదయము మొదలు రాత్రివరకు, కొన్నిసార్లు భోజనము దగ్గర కూడా, అంకెలు వేస్తూనే ఉన్నారు. ఆ శ్రమవల్ల వచ్చిన జబ్బు జీవితాంతము తనను వదలలేదని లలాండ్ రాసుకున్నాడు. ఇంత చేసిన లెపోత్ పేరు క్లేరో తన పుస్తకములో లేకుండా చేశాడు. ఇది మాకు న్యాయముగా తోచదు.

1758 నవంబరులో క్లేరో లెక్క చెప్పాడు: గురుగ్రహమువల్ల 518 దినములు, శనివల్ల 100 దినములు, మొత్తము 618 దినములు ఆలస్యము, 1759 ఏప్రిల్ మధ్యలో అది సూర్యుని సమీపిస్తుంది, ఒక నెల అటు ఇటు కావచ్చు. ఇంతలో ఏడాది ముగియవచ్చింది. ఆకాశములో ఏమీ లేదు. పారిస్‌లో మెస్సియే అనే పరిశీలకుడు తన యజమాని డెలీల్ గీసి ఇచ్చిన పటము ప్రకారము నెలల తరబడి వెదకుతున్నాడు. పటమే తప్పు.

జర్మనీలో డ్రెస్డెన్ నగరము పక్కన ప్రోలిస్ అనే ఊరు ఉండేది. అక్కడ యోహాన్ గెయోర్గ్ పాలిట్చ్ అనే రైతు పగలు సేద్యము, రాత్రి నక్షత్ర పరిశీలన చేసేవాడు. ఆకాశ శాస్త్రమును ఎవరూ ఆయనకు బడిలో నేర్పలేదు, తానే పుస్తకములు చదివి నేర్చుకున్నాడు. 1758 డిసెంబరు 25, క్రిస్మస్ రాత్రి, దుర్భిణితో మీనరాశివైపు చూస్తుండగా అంతకుముందు అక్కడ లేని మసక చుక్క ఒకటి ఆయన కంటబడింది. తరువాతి రాత్రులలో అది కదిలింది. హేలీ చెప్పిన ఏడాది గడువుకు ఇంకా ఆరు దినములే మిగిలి ఉన్నాయి! మెస్సియే దానిని జనవరి 21న గాని చూడలేదు, చూసిన తరువాత కూడా యజమాని ఏప్రిల్ వరకు బయటికి చెప్పనివ్వలేదు. అది సూర్యుని సమీపించిన దినము మార్చి 13. క్లేరో లెక్కకు తేడా ఒక నెల. యురేనస్, నెప్ట్యూన్ అనే గ్రహములు ఉన్నాయనే అప్పటికి ఎవరికీ తెలియదు.

చోటును ఇంత చక్కగా చెప్పగలిగినా, వెలుగును చెప్పడము నేటికీ కష్టమే. తోకచుక్క అంటే మంచు, ధూళి కలిసిన ముద్ద. ఎండ తగిలినప్పుడు మంచు ఆవిరై ధూళిని చిమ్ముతుంది. ఎంత చిమ్ముతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? 1973లో కొహూటెక్ తోకచుక్క గొప్పగా వెలుగుతుందని పత్రికలు చాటాయి, తీరా చూస్తే చాలామంది కంటికి ఆననేలేదు. 2013లో ఐసాన్ సూర్యుని చుట్టి రాబోయి చెదిరిపోయింది. భూమి ఎక్కడున్నదనేది కూడా ముఖ్యమే. 1910లో హేలీ తోకచుక్క మనకు సుమారు రెండు కోట్ల పాతిక లక్షల కిలోమీటర్ల దూరాన పోయింది. దాని తోకలో విషవాయువు ఉన్నదని విని పాశ్చాత్య దేశములలో కొందరు తలుపుల సందులు మూసుకున్నారు, మాత్రలు కొని మింగారు. ఏమీ జరగలేదు. అదే ఏడాది మన గురజాడ అప్పారావుగారు "ముత్యాల సరములు"లో ఆ చుక్కను కీడుగా కాక శుభముగా తలచారు. 1986లో అది సూర్యునికి అతి దగ్గరగా ఉన్న ఫిబ్రవరిలో మనము సూర్యునికి ఆవలి వైపున ఉన్నాము. యాభై దాటిన పాఠకులకు ఆనాటి నిరాశ గుర్తుండవచ్చు.

వెలుగు కొలిచే తరగతులు తలకిందులుగా ఉంటాయి. సంఖ్య తక్కువైతే వెలుగు ఎక్కువ. చీకటి రాత్రి మామూలు కంటికి ఆరవ తరగతి వరకు ఆనుతుంది. ఐదు తరగతుల తేడా అంటే వంద రెట్లు. 2003లో చిలీ దేశపు దుర్భిణులు 420 కోట్ల కిలోమీటర్ల దూరాన 28వ తరగతిలో ఉన్న ఈ తోకచుక్కను ఫోటో తీశాయి. 1991లో, శనిగ్రహము దాటిపోయాక, అది ఉన్నట్లుండి వందల రెట్లు వెలిగింది కూడా!

ఒక పక్కమాట. క్రిస్మస్ కార్డులలో బేత్లెహేము నక్షత్రమునకు తోక ఎందుకు పెడతారో తెలుసా? 1301లో ఈ తోకచుక్క వచ్చింది. తరువాత కొన్నేళ్లకు ఇటలీలో జొట్టో అనే చిత్రకారుడు జ్ఞానుల చిత్రములో నక్షత్రమును తోకచుక్కగా వేశాడు. మత్తయి మాత్రము నక్షత్రమనే రాశాడు. 1986లో దాని దగ్గరకు వెళ్లిన ఐరోపా నౌకకు జొట్టో పేరే పెట్టారు.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో దూరపు కొసన మలుపు తిరిగి ఇటు బయలుదేరింది. 2061 జూలై 28న సూర్యుని సమీపిస్తుంది. అంతవరకు ఆగలేనివారు మే నెల మొదటి వారములో తెల్లవారుజామున తూర్పు ఆకాశము చూడండి. అది దారిలో వదిలిపోయిన ధూళి ఉల్కలై రాలుతుంది. దీపములు లేని పొలము గట్టు అన్నిటికంటే మంచిచోటు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక దుప్పటి వెంట తీసుకువెళ్లండి.