వీపు చూసేదెవరు?

2019 దసరా ముందు మాట. మా చెల్లెలి కూతురికి లంగా ఓణీ కుట్టిద్దామని తెనాలిలో వాళ్ల వీధి చివరనున్న టైలరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ టేపు ఒకసారి వేసింది, రెండోసారి వేసింది, మూడోసారి కూడా వేసి, "ఏమ్మా, పాప తిన్నగా నిలబడటం లేదా? లంగా ఒక పక్క పైకొస్తోందే" అంది. పిల్లకి అప్పుడు పన్నెండేళ్లు. "ఎన్నిసార్లు చెప్పినా వినదండీ. పుస్తకాల సంచీ ఒక్క భుజానికే తగిలించుకుంటుంది, వంకరగా కూర్చుంటుంది" అంటూ మా చెల్లెలు దాని వీపు మీద ఒక్కటి చరిచింది. పక్కనే ఉన్న నేను కూడా "నిటారుగా నిలబడవే" అన్నాను. ఆ మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిల్ల వంకరగా నిలబడలేదు. దాని వెన్నెముకే పక్కకి ఒరిగింది.

దీన్ని డాక్టర్లు స్కోలియోసిస్ అంటారు. వెనక నుంచి చూస్తే తిన్నగా ఉండాల్సిన వెన్నెముక పక్కకి వంగుతుంది, వంగడమే కాక కాస్త మెలి తిరుగుతుంది. దాంతోపాటు పక్కటెముకలూ తిరుగుతాయి. అందుకే ఒక భుజం పైకి, ఒక రెక్క ఎముక బయటికి, నడుం ఒక పక్క లోతుగా కనిపిస్తాయి. ఎక్స్‌రేలో వంపు పది డిగ్రీలైనా ఉంటేనే ఆ పేరు పెడతారు. ఎదిగే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. చిన్న చిన్న వంపులు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ ఇంచుమించు సమానమే. కానీ పెరిగి పెద్దదై వైద్యం దాకా వచ్చేది ఎక్కువగా ఆడపిల్లల్లోనే. చాలామందిలో కారణం ఇదీ అని తెలియదు. పుస్తకాల సంచీ వల్ల రాదు, వంకరగా కూర్చోవడం వల్ల రాదు, తల్లి సరిగ్గా పెంచకపోవడం వల్ల అంతకంటే రాదు. (సంచీ బరువు తగ్గించాల్సిందే, అది వేరే సంగతి. పిల్ల బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం ఒక విధానమే తెచ్చింది. ఎన్ని బడుల్లో తూకం వేస్తున్నారో మీకే తెలుసు.)

దీంతో వచ్చిన చిక్కేంటంటే, మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి లేనిదే మన ఇళ్లలో ఆడపిల్లని డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు చెప్పండి? పైగా వంపు గబగబా పెరిగేది పిల్ల పొడుగు సాగే రోజుల్లో, అంటే పెద్దమనిషి కావడానికి కాస్త ముందూ వెనకా. సరిగ్గా అప్పుడే మనం పిల్లలకి చున్నీలు కప్పుతాం, వదులు బట్టలు తొడుగుతాం. మా చిన్నప్పుడు ఆదివారం వస్తే అమ్మ పీట మీద కూర్చోబెట్టి, వీపంతా సున్నిపిండితో నలుగు పెట్టి తలంటు పోసేది. వీపు మీద ఎక్కడ చెమటకాయ లేచిందో కూడా ఆవిడకి తెలిసేది. ఇప్పుడు పదేళ్లు దాటాయంటే పిల్లలు బాత్‌రూం గడియ పెట్టుకుంటారు. అందులో తప్పేం లేదు. కానీ కన్నబిడ్డ వీపు చూసి మనకి ఎన్నేళ్లయిందో ఒక్కసారి లెక్కేసుకోండి.

చూడ్డానికి పెద్ద చదువేం అక్కర్లేదు. పిల్లని పల్చటి బనీను మీద నిలబెట్టి, పాదాలు దగ్గరగా పెట్టి, మోకాళ్లు మడవకుండా, రెండు అరచేతులూ కలిపి ముందుకు వంగమనండి. మీరు వెనక కూర్చుని వీపుని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూడండి. రెండు పక్కలా సమంగా ఉంటే సరే. ఒక పక్క పక్కటెముకలు గట్టులా లేచి కనిపిస్తే ఎముకల డాక్టరుకి చూపించాలి. ఇంగ్లండు డాక్టరు విలియం ఆడమ్స్ 1865లో రాసిన పరీక్ష ఇది, ఇప్పటికీ డాక్టర్లు మొదట చేసేది ఇదే. ఆడపిల్లలకి పదో ఏటా పన్నెండో ఏటా, మగపిల్లలకి పదమూడు పద్నాలుగేళ్లప్పుడు ఒకసారి చూడటం మంచిది.

మా ఇంట్లో ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్తాను. మొదట చూపించిన డాక్టరు "ఎదిగితే అదే సర్దుకుంటుంది" అన్నారు. అది సర్దుకోలేదు. ఈలోగా మా పిన్ని "బయటికి పొక్కనీకండి, రేపు సంబంధాలు చూసేటప్పుడు వంక పెడతారు" అంది. ఎవరో ఎముకలు సరిచేస్తారని చెబితే రెండు ఆదివారాలు నూనె రాయించి నొక్కించారు. పిల్ల ఏడ్చిన ఏడుపు నేను ఫోన్లో విన్నాను. అలా నొక్కితే మెలి తిరిగిన వెన్ను తిన్నబడదు. ఎక్స్‌రే తీయించేసరికి అయిదు నెలలు గడిచాయి. వంపు 31 డిగ్రీలుంది. ఎదుగుదల ఇంకా మిగిలి ఉండి, వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బ్రేస్ వేస్తారు. అది చంకల కింద నుంచి తుంటి దాకా ఉండే ప్లాస్టిక్ కవచం. 45, 50 డిగ్రీలు దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. మధ్యలో ఉన్న ఈ రెండు మూడేళ్ల గడువు పోతే మళ్లీ రాదు. మేం అందులో అయిదు నెలలు పరువుకి ఖర్చు పెట్టాం.

బ్రేస్ పనిచేస్తుందా అని అనుమానం పెట్టుకున్నవాళ్లలో నేనొకదాన్ని. 2013లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆ అనుమానం తీర్చింది. బ్రేస్ వేసుకున్న పిల్లల్లో నూటికి 72 మందికి వంపు ఆపరేషన్ దాకా పోలేదు. వేసుకోనివాళ్లలో 48 మందికే అలా జరిగింది. రోజుకి పదమూడు గంటలు, అంతకు మించి వేసుకున్నవాళ్లకి ఫలితం ఇంకా బాగుంది. అయితే వంపుని పూర్తిగా తిన్నగా చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. పెరగకుండా ఆపడమే దాని పని.

కాగితం మీద పదమూడు గంటలు తేలిగ్గానే ఉంటుంది. మే నెలలో తెనాలి ఎండలో ఆ కవచంలో ఉండటం ఎలా ఉంటుందో వేసుకున్న పిల్లనడగాలి. 2020 మార్చిలో బ్రేస్ వచ్చింది, ఆ వెంటనే లాక్‌డౌన్ వచ్చింది. బడి లేదు, చూసి నవ్వేవాళ్లు లేరు. ఆ ఏడాది అందరికీ కష్టాలు తెచ్చింది గానీ, మా పిల్లకి మాత్రం ఆ ఒక్క మేలూ చేసింది. లోపల నూలు బనీను, గంటకోసారి మార్చడం, రాత్రి ఫ్యాను కింద విసుక్కోవడం, అమ్మా కూతుళ్ల పోట్లాటలు. అన్నీ అయ్యాయి.

దానికి తోడు రోజూ వ్యాయామం. ఫిజియోథెరపిస్టు అమ్మాయి అద్దం ముందు నిలబెట్టి నేర్పింది. అణిగి ఉన్న పక్కకి ఊపిరి నింపడం, లేచిన పక్కని వెనక్కి తెచ్చుకోవడం, అలా పట్టి ఉంచడం. దీన్ని మొదలుపెట్టింది కాథరీనా ష్రోత్ అనే జర్మన్ ఆవిడ. ఆవిడకే స్కోలియోసిస్ ఉండేది, పదహారో ఏట ఉక్కు బ్రేస్ తొడిగారు. సొట్టపడ్డ బంతిలోకి గాలి నింపితే సొట్ట పోతుంది కదా, నా పక్కటెముకల్లోకి నేనే ఊపిరి నింపితే? అనుకుందట. 1921లో మైసెన్ అనే ఊళ్లో తనలాంటివాళ్లకి నేర్పడం మొదలెట్టింది. వ్యాయామం ఒక్కటే పెద్ద వంపుని ఆపుతుందని చెప్పలేం. కానీ కండబలం, ఊపిరి, నిలబడే తీరు మెరుగవుతాయి. అన్నిటికీ మించి, ఒళ్లు తన చేతిలోనే ఉందన్న ధైర్యం పిల్లకి వస్తుంది.

అక్కడే ఆ అమ్మాయి మా చెల్లెల్ని కూడా చూసి, "మీకూ నడుం నొప్పి ఉందా ఆంటీ?" అంది. ఉంది, పదేళ్ల నుంచీ. బెల్టు పెట్టుకుని, ఎక్కువైనప్పుడు మంచమెక్కి, తగ్గగానే వంటింటి గట్టు ముందుకి వంగేది. మామూలు నడుం నొప్పికి రోజుల తరబడి పడుకోవడం మంచిది కాదు, వీలైనంతలో నడవాలి, పనులు చేసుకోవాలి అని ఆ అమ్మాయి చెప్పింది. చాలా నొప్పులు కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కూడా. అయితే కాళ్లు మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా, జ్వరంతో నొప్పి వచ్చినా ఆగకూడదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడు తల్లీ కూతుళ్లు ఒకే చాప మీద వ్యాయామం చేస్తున్నారు.

పెళ్లి మాట మిగిలింది. స్కోలియోసిస్ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది మామూలుగానే గర్భం దాల్చి, పిల్లల్ని కంటున్నారు. ఆ ఉసేన్ బోల్టుకే ఈ వంపు ఉంది, ప్రపంచంలో అందరికంటే వేగంగా పరుగెత్తాడు. మా పిన్నికి ఈ రెండూ చెప్పాను. మొదటిది నమ్మలేదు, రెండోది విని "మగాడు కదే" అంది.

పదిహేనో ఏట బ్రేస్ తీసేశారు. చివరి ఎక్స్‌రేలో 33 డిగ్రీలుంది. మొన్న సంక్రాంతికి మళ్లీ ఆ టైలరమ్మ దగ్గరికే వెళ్లాం. ఆవిడ టేపు వేస్తూ తటపటాయించింది. "దానికి స్కోలియోసిస్ అండీ, ఒక పక్క అర అంగుళం దించి కుట్టండి" అని మా చెల్లెలే చెప్పింది. గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు. గొంతు ఏమాత్రం తగ్గించలేదు.