ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర: మరీ అంత బంగారమేం కాదు

మన కుటుంబం గ్రూపులో నెలకోసారైనా ఒక బొమ్మ తిరుగుతుంది. చెక్క తలుపుల బ్లాక్ అండ్ వైట్ టీవీ, మిద్దె మీద ఏంటెన్నా, కింద "ఆ కాలం మళ్ళీ రాదు, ఇప్పటి పిల్లలకు ఏం తెలుసు" అని రాత. దాని కింద ఇరవై దండాలు, పది కన్నీళ్ళు. పెద్దోళ్ళు పెట్టినారు కదా అని నేనూ ఇన్నాళ్ళు ఒక దండం పెట్టి ఊరుకున్నా. ఈసారి పెద్దన్న దానికి ఒక మాట చేర్చినాడు: "మన పిల్లలకు తెలుగు రాకపోవడానికి ఈ ఫోన్లే కారణం."

కాదన్నా. ఫోన్లు వచ్చేసరికే సగం పని అయిపోయింది. ఆ పని మన ఇంట్లోనే, కురుగోడులోనే, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు మొదలైంది. మొదలుపెట్టింది మనమే.

1987 జనవరి 25న రామాయణం మొదలైంది. మన వీధికంతా ఒకటే టీవీ, అదీ మన ఇంట్లో. ఎనిమిదింటికే పిల్లలు చాప పరిచి చోటు పట్టుకునేవాళ్ళు. అమ్మ ఉగ్గాని చేసి పెద్ద తపేలాతో తెచ్చి మధ్యలో పెట్టేది. నువ్వు మిద్దె ఎక్కి ఏంటెన్నా తిప్పేవాడివి, నేను కింద నుంచి "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేదాన్ని. కరెంటు పోతే వీధి మొత్తం ఒక్క గొంతుతో అయ్యో అనేది. ఇవన్నీ నిజమే, నాకూ ఇష్టమే. గానీ ఇందులో టీవీ చేసిందేముంది? ఉగ్గాని అమ్మది, చాప మనది, ఆ అయ్యో అన్న గొంతు వీధిది.

టీవీ ఇచ్చింది వేరే. అవ్వ గోడకు ఆనుకొని కూచొని, ప్రతి రెండు నిమిషాలకు "ఏమంటాండాడు రా?" అని అడిగేది. మనకూ హిందీ వచ్చి చచ్చింది లేదు, స్కూల్లో కన్నడం. అయినా తెలిసినట్టు చెప్పేవాళ్ళం. ఒకరోజు అవ్వ అడిగింది: "ఊర్మిళ ఏమైంది? పద్నాలుగేండ్లు పండుకుంది కదా ఆ పిల్ల, అది చూపించరా?" ఊర్మిళాదేవి నిద్ర పాట అవ్వకు మొత్తం వచ్చు. లక్ష్మణుడు తిరిగొచ్చి లేపితే మొగుణ్ణి గుర్తుపట్టక, ఎవరో పరాయి మగవాడని భయపడే చోట అవ్వ గొంతు మారేది. మనకది ఎప్పుడో వేసవి రాత్రుల్లో విన్న గుర్తు.

ఆ రోజు మనం ఏమన్నామో గుర్తుందా? "అవ్వా, ఊరుకో, ఏం వినపడ్తలేదు." అన్నది నేను. నువ్వు నవ్వినావు. అవ్వ ఊరుకుంది. తర్వాతి ఆదివారం కూడా వచ్చి కూచుంది గానీ, ఏమీ అడగలేదు. రాత్రుల్లో కథ చెప్పమని మనమూ అడగలేదు. మనకు అప్పుడు కథలకు కొదవ లేదు కదా. 1988 అక్టోబరు 2 నుంచి మహాభారతం వచ్చింది, 1990 జూన్ దాకా నడిచింది. నాయనను "పితాశ్రీ" అని పిలిచి ఎన్ని దెబ్బలు తిన్నామో!

మరి ఆ కాలపు పిల్లల కార్యక్రమాలు చూడండి. 1993లో జంగిల్ బుక్ వచ్చింది. జపాన్ వాళ్ళు గీసిన బొమ్మలు, ఇంగ్లీషు వాడు రాసిన కథ, నడిచేది మన దేశపు అడవిలో, మనకు చేరింది హిందీలో. ఆ ఎలుగుబంటి జపాన్ నుంచి వచ్చి హిందీ నేర్చుకుంది గానీ, తెలుగో కన్నడమో నేర్చుకోవడానికి దానికి తీరిక దొరకలేదు. మాల్గుడి డేస్ అయితే ఇంకా చిత్రం. రాసింది మైసూరులో ఉన్న ఆర్.కె. నారాయణ్, తీసింది మన శంకర్ నాగ్, తీసిన ఊరు ఆగుంబె. అంతా కర్ణాటకమే. కురుగోడు పిల్లలకు అదీ హిందీలోనే.

అమెరికాలో ఉన్న మన చెల్లెలి పిల్లలు అక్కడి స్నేహితులతో కలిసి శనివారం పొద్దున కార్టూన్ల గురించి ఇట్లాగే నిట్టూరుస్తారట. అక్కడ పెద్ద ఛానెళ్ళు శనివారం కార్టూన్లు మానేసి పదేళ్ళు దాటింది. వాళ్ళ స్నేహితుల నిట్టూర్పు నాకు అర్థమౌతుంది. వాళ్ళ అమ్మ మాట్లాడే భాషలోనే వాళ్ళ కార్టూన్లు మాట్లాడినాయి. మన సంగతి అది కాదు.

వేరే దారి లేకనా అంటారేమో. ఉండింది. చందమామ 1947 జులైలో తెలుగు, తమిళాల్లో మొదలై, రెండేళ్ళకే కన్నడంలోనూ వచ్చింది. అవే బొమ్మలు, అవే కథలు, ఎవరి భాషలో వాళ్ళకు. మన ఇంటికి తెలుగుది వస్తే పక్కింటికి కన్నడంది వచ్చేది. మార్చుకొని చదివి రెండు లిపులూ నేర్చుకున్నాం, ఒకదానికోసం ఒకటి వదులుకోలేదు. రేడియోలో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్య అంటారే వాళ్ళు, మైకు పిల్లల ముందే పెట్టి వాళ్ళ చేతనే పాడించినారు, మాట్లాడించినారు. టీవీ వచ్చినాక మనం నోరు మూసుకొని చూసేవాళ్ళమయ్యాం. ముందు మనం మూసుకున్నాం, తర్వాత అవ్వ చేత మూయించాం.

హిందీ మీద నాకు కోపం లేదు. నాకు ఉద్యోగంలో అది అన్నం పెట్టింది, నీకు లారీ వ్యాపారంలో పెట్టింది. కన్నడం సంగతి చెప్పనే అక్కర్లేదు, అది మన ఊరి భాష, దొడ్డబసవేశ్వరుడి ముందు మనం మొక్కేది కూడా సగం కన్నడంలోనే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయి బళ్ళారి ఇటు వచ్చినప్పుడు కూడా తాత ఇంట్లో తెలుగు తగ్గలేదు. సర్కారు గీత గీసినా తగ్గనిది, మనం చాప పరుచుకున్న చోట తగ్గింది. నా కోపం అక్కడ.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చినాయి, తెలుగు కరువు తీరిందన్నారు. 2009లో పిల్లలకని ఖుషీ టీవీ కూడా వచ్చింది. మరి మన పిల్లలకు తెలుగు వచ్చిందా? పెట్టె తెలుగులో మాట్లాడితే సరిపోదని అప్పటికైనా తెలియాల్సింది. పిల్లోడు "ఏమైంది?" అని అడిగితే పెట్టె ఆగి చెప్పదు. అవ్వ చెప్పేది.

2020 మార్చి 28న లాక్‌డౌన్‌లో రామాయణం మళ్ళీ వేసినారు. బెంగళూరు నుంచి వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయిన పిల్లల్ని నువ్వు కూర్చోబెట్టినావు. పది నిమిషాలకు లేచిపోయినారు. "వీళ్ళకు సంస్కారం లేదు" అన్నావు. చిన్నదాని మాట నువ్వు వినలేదు, నేను విన్నా. "పెద్దనాన్నా, వాళ్ళు ఏమంటున్నారు?" అని అడిగింది, వచ్చీరాని తెలుగులో. నువ్వు "ష్, చూడు" అన్నావు.

అన్నా, అవ్వ అడిగిన మాటే కదా అది?

మే నెలలో అందరూ వస్తున్నారు. టీవీ నేను ఆపను, ఫోన్లు లాక్కోను, ఆ కొట్లాట నా వల్ల కాదు. రాత్రికి మిద్దె మీద పడకలు వేస్తా, అంతే. నీకు పేదరాశి పెద్దమ్మ కథలు ఇప్పటికీ వచ్చు, తప్పించుకోవద్దు. మాట దొరకని చోట కన్నడంలో చెప్పు, పిల్లలకు అదీ కావాలి. నాకు ఊర్మిళ నిద్ర సగం దాకే గుర్తుంది. ఆమె కళ్ళు తెరిచి "ఎవరయ్యా నువ్వు" అని అడిగే చోట ఆగిపోతున్నా. అదోనిలో పెద్దక్కకు తర్వాతిది తెలిసుండాలి. అక్కా, ఇది చదివితే, గ్రూపులో దండం బొమ్మ పెట్టకుండా ఆ మిగతా సగం నీ గొంతుతో పాడి పంపు.