లెక్కకు రాని కొలువు

పదేళ్లుగా అదే ఆఫీసు, అదే కుర్చీ. పని చెప్పేది సర్కారు అధికారి. జీతం చీటీ మీద మాత్రం ఏజెన్సీ పేరు. టెండర్ మారితే ఆ పేరూ మారుతుంది. చేసిన సర్వీసు గాలికి పోతుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి బతుకు ఇదీ!

‘ముందు చేరు, అనుభవం వస్తుంది, రేపు పర్మినెంట్ అవుతుంది’ అని మన పిల్లలను ఏజెన్సీల గడప ఎక్కిస్తున్నారు. ఈ మాటలో నిజమెంత? అమెరికాలోని డెట్రాయిట్‌లో సర్కారు సాయంతో బతికే పేదలను పనుల్లో పెట్టిన పథకాన్ని ఆర్థికవేత్తలు డేవిడ్ ఆటర్, సుసాన్ హౌస్‌మన్ పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. యజమానులు నేరుగా తీసుకున్నవాళ్ల సంపాదన ఆ తర్వాత పెరిగింది. తాత్కాలిక ఏజెన్సీల ద్వారా చేరినవాళ్లకు ఆ మేలు దక్కలేదు. ఏజెన్సీ పని వాళ్లకు మెట్టు కాలేదు.

మన దగ్గరా అంతే. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, తాత్కాలికంగా చేరినవాళ్లకు పర్మినెంట్ చేయమని అడిగే హక్కు లేదన్నది. మంజూరైన పోస్టుల్లో పదేళ్లు పనిచేసిన అర్హులకు మాత్రం ఒక్కసారికి అవకాశమివ్వమన్నది. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఆ తలుపూ తెరుచుకోలేదు. కాగితాల మీద వాళ్లు ఏజెన్సీ మనుషులు కదా! 2023 ఏప్రిల్ 30న తెలంగాణలో 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను రెగ్యులర్ చేశారు. సంతోషమే. ఔట్‌సోర్సింగ్ వాళ్లు ఆ జాబితాలో లేరు. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకున్నవాళ్లలో వీళ్లు లేరా?

ఏళ్లు గడిచేకొద్దీ పరీక్షలకు చదివే తీరిక ఉండదు, వయోపరిమితి దాటిపోతుంది. అడిగితే ‘నిరుద్యోగులకు అన్యాయం’ అంటారు. పరీక్ష రాసే విద్యార్థికీ, చాకిరీ చేసే చిరుద్యోగికీ తగువు పెట్టి పాలకులు చోద్యం చూస్తున్నారు.

దారి లేక కాదు. 2022 డిసెంబరులో ఇచ్చిన స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్‌లో రాతపరీక్షకు 80 మార్కులు పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసిన కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు గరిష్టంగా 20 మార్కులు ఇచ్చారు. పరీక్షా నిలిచింది, కష్టమూ లెక్కకొచ్చింది. నర్సులకు సాధ్యమైంది కంప్యూటర్ ఆపరేటర్‌కు, అటెండర్‌కు ఎందుకు కాదు?

మేం అడిగేది మూడే. సేవకు మార్కులివ్వాలి. పనిచేసినన్ని ఏళ్లు వయోపరిమితి సడలించాలి. అనుభవ పత్రం పని చేయించుకున్న శాఖే ఇవ్వాలి. ఏండ్లకేండ్లు చాకిరీ చేయించుకొని ‘నువ్వెవరో మాకు తెల్వదు’ అనే హక్కు ఏ సర్కారుకూ లేదు.