‘హాని లేదు’ అను మాట

గూడూరునకు ఈశాన్యముగా సముద్రపు ఒడ్డున నున్న కృష్ణపట్నము ఓడరేవు వలన పేరెన్నికగన్న ఊరు. 2021 మే నెలలో దేశమంతయు ఆ ఊరి పేరు చెప్పుకొన్నది ఓడరేవును గూర్చి కాదు, ఒక మందును గూర్చి. కరోనా రెండవ విజృంభణ నడుమ ఆసుపత్రులలో పడకలు కరవై, ఆక్సిజను సిలిండరు కొరకు జనము పరుగులు తీయుచున్న దినములవి. ఆ ఊరి బొనిగి ఆనందయ్య మూలికలతో చేసిన మందును ఉచితముగా పంచసాగెను. రాష్ట్రమున మధ్యాహ్నము 12 గంటల నుండి కర్ఫ్యూ అమలులో నున్నను, మే 21న వేలకొలది జనము ఆ ఊరికి చేరిరి. అంబులెన్సులలో వచ్చిన రోగులును ఆ గుంపులో నుండిరి. రద్దీ చేయి దాటగా ప్రభుత్వము పంపిణీని ఆపి, నిపుణుల అభిప్రాయము కోరినది.

అప్పటి నుండి పది దినములపాటు తెలుగునాట మాటలాడని నిపుణుడు లేడు. టెలివిజను చర్చలలో ఆయుర్వేద ఆచార్యుడు ఒక వంక, ఇంగ్లీషు వైద్యుడు ఒక వంక, నడుమ న్యాయవాది, వారి ప్రక్కన రాజకీయ నాయకుడు కూర్చుండిరి. ఉన్నత న్యాయస్థానములో వ్యాజ్యములు దాఖలైనవి. అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు సీమవాడైన వెంకయ్యనాయుడు, భారత వైద్య పరిశోధన మండలి అధిపతితోను ఆయుష్ మంత్రితోను మాటలాడి, పరిశీలన త్వరపెట్టుడని కోరెను. నాయకులలో మందు వలదన్న వారు అరుదు. ఓటు గల జనము వరుసలో నిలిచి యుండగా వలదనుటకు ధైర్యము కావలెను గదా!

తుదకు కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక అందినది. దాని సారాంశము రెండు వాక్యములు. ఈ మందు వలన హాని కానరాలేదు. ఈ మందు కోవిడును తగ్గించునని నిర్ధారించుటకు ఆధారములు లేవు. దీనిని ఆయుర్వేద ఔషధమనుటకు వీలులేదనియు, నాటుమందుగానే ఎంచవలెననియు ఆయుష్ అధికారులు తెలిపిరి. మే 31న ప్రభుత్వము కంటిచుక్కల మందును మినహాయించి పంపిణీకి అనుమతి నిచ్చుచు, వైద్యులు వ్రాసిన మందులను మానవలదని హెచ్చరించినది.

వ్రాతలో తప్పు లేదు. కాని జనము విన్నది మొదటి వాక్యమును మాత్రమే. దీనికి మన భాషా వ్యవహారమే కొంత కారణము. ఇంటిలో పెద్దలను ఒక పని గూర్చి అడిగినపుడు వారు ‘తప్పులేదు’ అన్నచో అది అనుజ్ఞయే. ‘హాని లేదు’ అను మాటయు అట్టిదే. శాస్త్రజ్ఞుడు దానిని ఒక పరీక్షా ఫలితముగా చెప్పును. వినువాడు ‘కానిమ్ము’ అను దీవెనగా స్వీకరించును. ఇక ‘ఆధారములు లేవు’ అను రెండవ వాక్యము మరింత చిక్కైనది. మందు పనిచేయదని తేలినదా, పనిచేయునో లేదో ఇంకను తేలలేదా? కొందరు ఆచార్యులు మొదటి అర్థము చెప్పి ఆనందయ్యను మోసగాడనిరి. మరి కొందరు రెండవ అర్థమును పట్టుకొని, తేలలేదు గావున పనిచేయవచ్చుననిరి. ఇరువురును నివేదికను దాటి మాటలాడినవారే.

తేలుట యనగా ఏమి? గూడూరు చుట్టుపట్ల నిమ్మతోటలు గలవారికి దీనిని విడమరచి చెప్పుట సులభము. క్రొత్త మందునీరు వచ్చినదనుకొనుడు. తోటనంతటిని తడిపినచో, తరువాత కాపు హెచ్చినది మందు చలువయో, ఆ ఏటి వాన చలువయో చెప్పుటెట్లు? ఒక సాలు చెట్లకు మందు చల్లి, ప్రక్క సాలును అట్లే విడిచి, రెండింటి కాయలను లెక్కింపవలెను. కోవిడు సోకినవారిలో అత్యధికులు ఏ మందునకైనను సంబంధము లేకయే కోలుకొనిరి. కావున ‘నాకు నయమైనది’ అని వేయిమంది చెప్పినను అది మందు చల్లిన సాలు లెక్కయే. విడిచిన సాలు లెక్క కృష్ణపట్నములో ఎవరును తీయలేదు.

ఈ లెక్క నాటువైద్యుని కొరకు ప్రత్యేకముగా కల్పించినది కాదు. పెద్ద ఆసుపత్రులును దీనికి తలయొగ్గవలసి వచ్చినది. కోలుకొన్నవారి రక్తమునుండి తీసిన ప్లాస్మాను ఎక్కించు చికిత్సను మన దేశమున 39 ఆసుపత్రులలో, 464 మంది రోగులపై పరీక్షించిరి. వ్యాధి ముదురుటను గాని మరణములను గాని అది తగ్గించలేదని 2020 అక్టోబరులో ఫలితము ప్రకటితమైనది. అయినను చికిత్సా నియమావళి నుండి ప్లాస్మాను తొలగించినది 2021 మే 17న. ఆ ఏడు నెలలును ఎన్ని కుటుంబములు దాతల కొరకు ఫోనులు చేసి అలసిపోయినవో! నాటుమందును చూచి నవ్విన వైద్యులు ఈ జాప్యమును గూర్చి అంత గట్టిగా మాటలాడినట్లు కానరాదు. విరుద్ధముగా, ఇంగ్లండులో జరిగిన ఒక పెద్ద పరీక్ష డెక్సామెథజోను అను చౌకయైన పాతమందు వెంటిలేటరు పైనున్న వారి మరణములను మూడవవంతు తగ్గించునని 2020 జూనులోనే తేల్చినది. ఎంతో ప్రచారము పొందిన హైడ్రాక్సీక్లోరోక్విను వలన ప్రయోజనము లేదని చూపినదియు ఆ పరీక్షయే. పరీక్షకు మందు పుట్టిన ఊరితోగాని, చేసినవాని చదువుతోగాని పని లేదు.

ఇచట నిపుణుల బాధ్యత యొకటి గలదు. న్యాయస్థానము ముందున్నది వేరు ప్రశ్న: ఉచితముగా ఇచ్చుదానిని ప్రభుత్వము ఏ చట్టము క్రింద ఆపగలదు? ప్రభుత్వము ముందున్నది శాంతిభద్రతల ప్రశ్న. వైద్యుని ముందున్నది మందు గుణమును గూర్చిన ప్రశ్న. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును మరియొక దానికి అతికించుటయే ఆ దినములలో జరిగినది. అనుమతి వచ్చినది గావున మందు మంచిదనిరి. అనుమతి యనునది మందు గుణమునకు యోగ్యతాపత్రము కాదని టెలివిజనులో కూర్చున్న న్యాయవాది ఒక్క మాట చెప్పి యుండవచ్చును. ఆయుర్వేద ఆచార్యుడును తన శాస్త్రమునకు ఈ మందుతో గల సంబంధమెంతయో తేల్చి చెప్పి యుండవచ్చును. పాఠశాలలో సామాన్యశాస్త్రము బోధించువారికి ఈ నివేదిక కంటె మంచి పాఠము దొరకదు. ఆ రెండు వాక్యములను నల్లబల్లపై వ్రాసి, ప్రతిదాని నుండి ఏమి తెలియుచున్నదో, ఏమి తెలియుట లేదో విద్యార్థులచేత చెప్పించినచో, పదవ తరగతి పిల్లలు ఆ చర్చలలోని పెద్దలకంటె నిదానముగా చెప్పగలరు.

కంటిచుక్కల సంగతి మరింత బాధాకరము. చుక్కలు వేసిన నిమిషములలో తనకు ఊపిరి తిరిగినదని ఒక రోగి చెప్పిన వీడియోను లక్షలమంది చూచిరి. కొలది దినములకే ఆయన ఆసుపత్రిలో చేరి, ఆ నెలాఖరున మరణించెను. మొదటి వీడియో చూచినవారిలో ఎందరికి రెండవ వార్త చేరినదో!

2021 డిసెంబరులో ఒమిక్రాను వచ్చినది. దానికిని మందు కలదని ఆనందయ్య ప్రకటింపగా, ఏ అనుమతితో ఇచ్చుచున్నారని అధికారులు నోటీసు పంపిరి. ఈసారి అభ్యంతరము చెప్పినవారిలో కృష్ణపట్నము గ్రామస్థులును ఉండిరి. మందు కొరకు ఎక్కడెక్కడి రోగులో వచ్చినచో జబ్బు తమ ఇండ్లకు ప్రాకదా అని వారు అడిగిరి. మే నెలలో అంతమంది నిపుణులు కూర్చున్న చర్చలలో ఈ ప్రశ్న పెద్దగా వినబడలేదు.