అంతరాత్మ – అమానత్

ఓటు వేసి ఇంటికి రావడంతో ఓటరు పని ముగిసిందని మనలో చాలామంది భావిస్తారు. కాని ఒకరు వేసిన ఓటును చేతబట్టుకొని మరొకరు మరల ఓటు వేయవలసిన సందర్భాలు కొన్ని కలవు. దేశపు అత్యున్నత పదవి అటువంటి సందర్భంలోనే నిర్ణయమవుతుంది. అమెరికా అధ్యక్షుని ఎన్నిక అట్టిది. మన రాష్ట్రపతి ఎన్నిక కూడ అట్టిదే. ఆ మధ్యనున్న వ్యక్తి ఎవరి మాట వినవలెను? తనను పంపినవారి మాటా, తన అంతరాత్మ మాటా? భువనగిరి విద్యార్థులమైన మేము ఈ ప్రశ్నను గూర్చి ఆలోచించిన నాలుగు మాటలు పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ముందు అమెరికా సంగతి చూతాము. అక్కడ 2024 నవంబరు 5న ఎన్నిక జరిగింది. మరునాటికే ఫలితం లోకమంతటా తెలిసిపోయింది. కాని చట్టం దృష్టిలో ఆనాడు ప్రజలు ఎన్నుకొన్నది అధ్యక్షుని కాదు, ఎలక్టర్లను. వారు మొత్తం 538 మంది. ప్రతి రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఎన్ని స్థానాలున్నవో వాటికి ఇద్దరు సెనేటర్లను కలిపి అంతమంది ఎలక్టర్లు ఉంటారు; రాజధాని వాషింగ్టన్‌కు ముగ్గురు. గెలుపునకు 270 ఓట్లు కావలెను. ఈ 538 మంది ఒకచోట చేరరు. 2024 డిసెంబరు 17న ఎవరి రాష్ట్రంలో వారు సమావేశమై అధ్యక్షునికి ఒక ఓటు, ఉపాధ్యక్షునికి వేరొక ఓటు వేసి, ఆ వివరం గల ఆరు ప్రతులపై సంతకాలు చేసినారు. 2025 జనవరి 6న ఉభయసభల సమక్షంలో వాటిని లెక్కించినప్పుడు అధ్యక్షస్థానంలో ఉన్నది ఓడిన అభ్యర్థిని కమలా హారిస్ గారే. 312 – 226 తేడాతో తన ఓటమిని తానే ప్రకటించవలసి వచ్చింది, ప్రకటించినారు.

ఈ తంతులో ఎలక్టరు స్వేచ్ఛ ఎంత? 2016లో ఏడుగురు ఎలక్టర్లు తమ పక్షపు అభ్యర్థిని కాదని ఇతరులకు ఓటు వేసినారు. వారిలో నలుగురు వాషింగ్టన్ రాష్ట్రంవారు. ఆ రాష్ట్రం వారికి తలా వేయి డాలర్ల జరిమానా విధించింది. వివాదం సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయింది. ఇచ్చిన మాటకు ఎలక్టరును కట్టుబడి ఉంచే అధికారం రాష్ట్రానికి కలదని 2020 జూలైలో తీర్పు వచ్చింది. అంతరాత్మ కంటె వాగ్దానమే మిన్న అని అక్కడి న్యాయం.

మన దేశంలో ఇందుకు భిన్నమైన మార్గం ఉన్నది. రాష్ట్రపతిని ఎన్నుకొనేది పార్లమెంటు ఉభయసభలలోను, శాసనసభలలోను ఎన్నికైన సభ్యులు. పార్లమెంటు సభ్యులకు ఆకుపచ్చ చీటీ, శాసనసభ్యులకు గులాబి రంగు చీటీ. చీటీపై పార్టీ గుర్తులుండవు. అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2 అని ప్రాధాన్యం అంకెలలో వ్రాయవలెను. ఓటు రహస్యం. సభలో ఇతర విషయాలకు సభ్యుని కట్టడి చేసే విప్ ఇందులో జారీ చేయరాదని ఎన్నికల సంఘం స్పష్టం చేసి ఉన్నది. అనగా చీటీ చేతికందిన క్షణంలో మన శాసనసభ్యుడు పూర్తిగా స్వతంత్రుడు.

ఆ స్వాతంత్ర్యం ఎంతటిదో 1969లో దేశం చూచింది. హైదరాబాదులో జన్మించి, విద్యారంగానికి జీవితం ధారపోసి, 1967లో రాష్ట్రపతియైన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూసినారు. ఆ స్థానానికి కాంగ్రెసు పక్షం నీలం సంజీవరెడ్డి గారిని నిలిపింది. ఉపరాష్ట్రపతి పదవికి రాజీనామా ఇచ్చి వరాహగిరి వెంకటగిరి గారు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచినారు. ఇరువురూ తెలుగువారే. సంజీవరెడ్డి గారి నామినేషను పత్రంపై సంతకం చేసిన ప్రధాని ఇందిరాగాంధీ గారే తరువాత మనసు మార్చుకొని, సభ్యులు అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయవలెనని కోరినారు.

ఆగస్టు 16న పోలింగు జరిగింది. గెలుపునకు కావలసినవి 4,18,169 ఓట్లు. మొదటి ప్రాధాన్యంలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, సి. డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. ఎవరికీ చాలలేదు. వెనుకబడినవారి చీటీలలోని తదుపరి ప్రాధాన్యాలను పంచగా గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 అయినవి. తేడా 14,650. ఈ ఎన్నికను సవాలు చేసిన కేసులో రాష్ట్రపతియే స్వయంగా సర్వోన్నత న్యాయస్థానానికి వచ్చి సాక్ష్యమిచ్చినారు; 1970లో ఆ పిటిషను కొట్టివేయబడింది. ఆనాడు ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో పోటీ లేకుండ రాష్ట్రపతి కావడం మరొక విశేషం.

అయితే ఆ 1969వ సంవత్సరమే తెలంగాణ విద్యార్థులు తరగతులు వదలి ప్రత్యేక రాష్ట్రం కొరకు వీధులలోకి వచ్చిన సంవత్సరం. తమ మాట వినేవారు లేరన్నదే వారి ఆవేదన. అదే వేసవి దాటగానే వారి ప్రాంతపు శాసనసభ్యులు హైదరాబాదులో అంతరాత్మ ఓటు వేసివచ్చినారు. ఎవరి అంతరాత్మ ఏమి పలికినదో ఆ విద్యార్థులకు చెప్పవలసిన విధి ఎవరికీ లేకపోయింది. మాకు ఇక్కడనే చిక్కు కనిపిస్తున్నది.

ఆ ఓటు బరువు కూడ చూడండి. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మరల వేయితో భాగిస్తే ఒక్క సభ్యుని ఓటు విలువ వస్తుంది. లెక్కకు తీసుకొనే జనాభా 1971 నాటిది. 2026 తరువాత జరిగే తొలి జనగణన వివరాలు వెలువడే వరకు అదే కొలత. ఆ ప్రకారం 2022 ఎన్నికలో తెలంగాణలోని 119 మంది సభ్యులలో ఒక్కొక్కరి ఓటు విలువ 132, ఆంధ్రప్రదేశ్‌లో 159. 132 అనగా లక్షా ముప్పది రెండు వేలమంది. మన తాతలు, అవ్వలు 1971లో లెక్కకు వచ్చి, ఈనాటికీ ఆ చీటీలో నిలిచి ఉన్నారన్నమాట. ఇంతమందిని మోసే చీటీ విషయంలో కూడ అజాగ్రత్త తప్పలేదు. 2022లో ద్రౌపదీ ముర్ము గారు ఎన్నికైనప్పుడు దేశం మొత్తంమీద 53 ఓట్లు చెల్లకుండ పోయినవి. అందులో 15 పార్లమెంటు సభ్యులవే.

ఉర్దూలో అమానత్ అనే గొప్ప మాట ఉన్నది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన సొత్తు అది. దానిని కాపాడవచ్చును గాని మనదని అనుకోరాదు. అదే భాషలో అంతరాత్మను జమీర్ అంటారు. ఈ రెండింటిలో ఏది పెద్దది అని మా మధ్య చాలా వాదం జరిగింది. అమెరికా ఎలక్టరును ఎన్నుకొన్నది ఆ ఒక్క పనికే గనుక అతడు మాటకు కట్టుబడి ఉండవలెననడం న్యాయమే. మన శాసనసభ్యుని మనం అయిదేండ్లకు, అనేక పనులకు ఎన్నుకొంటాము. ఓటరు దగ్గరకు వచ్చిననాడు రాష్ట్రపతి అభ్యర్థి ఎవరో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. కనుక అతనికి స్వేచ్ఛ ఉండవలసిందే. రహస్యం కూడ ఉండవలసిందే. లేకున్న పెద్దల ఒత్తిడికి చిన్నవారు తలవంచక తప్పదు.

కాని చీటీ రహస్యమైనంత మాత్రాన అభిప్రాయం కూడ రహస్యం కానక్కర లేదు. తాను ఎవరిని కోరుచున్నాడో, ఎందుకు కోరుచున్నాడో ఓటుకు ముందే తన నియోజకవర్గంలో చెప్పకుండ ఏ చట్టమూ అడ్డుపడదు. పెట్టె మూతపడిన తరువాత మాత్రమే మేల్కొనే అంతరాత్మను మేము నమ్మలేము. 1944లో ఆంధ్ర మహాసభ పదకొండవ సమావేశం జరిగిన ఊరు మనది. ఈ ప్రక్కనే బొల్లేపల్లిలో పుట్టిన రావి నారాయణరెడ్డి గారు 1952లో నల్లగొండ నుండి నెహ్రూ గారి కంటె ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు ఎన్నికైనారు. ఆ యేడు మే నెలలో జరిగిన తొలి రాష్ట్రపతి ఎన్నికలో ఓటు హక్కు గలవారిలో ఆయన ఒకరు. ఆయన చీటీ ఏమి పలికినదో మనకు తెలియదు. కాని ఆయన ఏ పక్షాన నిలిచినవారో ఈ తాలూకాలోని ప్రతి రైతుకూ తెలుసు. నమ్మకం అక్కడ ఉన్నది.

రాబోయే రాష్ట్రపతి ఎన్నిక నాటికి మాలో చాలామందిమి ఓటర్లమై ఉంటాము. మా చేతికి ఆ గులాబి చీటీ రాదు. అయినను మా శాసనసభ్యుని వాకిటికి పోయి, "అయ్యా, మా అమానత్ మీ దగ్గర ఉన్నది. దానిని ఎవరికి ఇవ్వదలచినారు?" అని మర్యాదగా అడుగుతాము. జవాబు చెప్పిన ప్రతినిధి మాకు నచ్చని పేరు చెప్పినను గౌరవిస్తాము. ఈ పత్రిక చదివే సోదర సోదరీమణులు కూడ ఆనాడు మాతో కలిసి రావలెనని కోరుచున్నాము.