ముందు ట్యూనర్‌ని వెతకండి
బందరులో, గుడివాడలో కారు ఇంజిన్‌కు కొత్త ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, పెట్టించాలనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీది కొనాలి, హాల్‌టెక్కా, మోటెక్కా, లింకా అని. నా మాట వినండి: మంచి ట్యూనర్‌ని వెతికి, ఆయన చేతికి బాగా అలవాటైన సిస్టమే కొనండి. ఏ ఆర్‌పీఎంలో, ఎంత లోడు మీద పెట్రోలు ఎంత పోవాలి, స్పార్కు ఎప్పుడు పడాలి అని ఆయన ఈసీయూ పట్టికలో ఒక్కో గడిలో నింపే అంకెలే ఇంజిన్‌ను నడుపుతాయి. ఆ అంకెలు ఏ పెట్రోలుతో నింపారన్నది మరీ ముఖ్యం. 100 ఆక్టేన్‌కు సరిపడా స్పార్కును ముందుకు జరిపించుకుని, అవనిగడ్డ దాటాక బంకులో మామూలు పెట్రోలు కొట్టిస్తే నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి మండడం, మొదలవుతుంది, పిస్టన్లు పగలొచ్చు. అందుకని మనకు రోజూ దొరికే పెట్రోలుతో, మన ఎండలోనే ట్యూన్ చేయించండి. నాక్ సెన్సర్‌ను వాడుకోగల సిస్టమే తీసుకోండి. దివిసీమ ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులకు చిలుము పడుతుంది, సీలున్న కనెక్టర్ల దగ్గర డబ్బు మిగుల్చుకోవద్దు. ఇక చట్టం సంగతి. అనుమతి లేకుండా బండిని మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. కొత్త ట్యూన్‌తో వచ్చే వేగాన్ని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద చూపించండి. కరకట్ట మీద వద్దు, తమ్ముళ్లూ.