పళ్లెం మార్చండి, సూదికి భయపడకండి

గర్భవతికి షుగర్ ఉందని రిపోర్టు రాగానే మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే, కాన్పయితే అదే పోతుంది" అనేది ఒకటి. "ఇన్సులిన్ మాత్రం వద్దు, మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాల్సిందే. హకీం సాహెబ్‌ను అడిగి ఏదైనా సఫూఫ్ తీసుకురండి" అనేది రెండోది. రెండూ తల్లీబిడ్డల మీదికి ముప్పు తెచ్చే మాటలే. యునానీ శీర్షికలో ఇన్సులిన్‌ను సమర్థించడమేమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. యునానీని గౌరవించేవారే ఈ మాట ముందుగా చెప్పాలని నా అభిప్రాయం.

అసలు జరిగేదేమిటి?

గర్భంలోని మాయ నుంచి వెలువడే కొన్ని హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. నెలలు పెరిగేకొద్దీ ఈ ప్రభావం ఎక్కువవుతుంది. దానికి తగినంత అదనపు ఇన్సులిన్‌ను తల్లి క్లోమం తయారుచేయలేకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. అప్పుడు బిడ్డ క్లోమమే అధికంగా ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. దానివల్ల బిడ్డ అతిగా బరువు పెరగవచ్చు, కాన్పు కష్టం కావచ్చు, పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డకు చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తల్లికి రక్తపోటు ముప్పు కూడా పెరుగుతుంది.

కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్గదర్శకాల ప్రకారం ప్రతి గర్భవతికీ మొదటి చెకప్‌లో ఒకసారి, 24 - 28 వారాల మధ్య మరోసారి షుగర్ పరీక్ష చేయాలి. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, 2 గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించి ఉంటే షుగర్ ఉన్నట్టే. ఈ పరీక్షకు పరగడుపునే రావాలన్న నియమం లేదు.

ఈ రెండో పరీక్ష సమయం దాటగానే మన ఇళ్లలో ఏడోనెల సత్వాసా వేడుక వస్తుంది. చుట్టాలందరూ తలా ఒక మిఠాయి కోడలి నోట్లో పెడతారు. వేడుక మానమని నేను చెప్పను. మిఠాయికి బదులు ఒక జామకాయ ముక్క, నాలుగు బాదం పలుకులు పెడితే దీవెనకు లోటేమీ రాదు.

హకీం మొదటి మందు ఆహారమే

యునానీలో చికిత్స నాలుగు విధాలు. వాటిలో ఇలాజ్ బిల్ గిజా, అంటే ఆహార చికిత్స, ఈ జబ్బులో అన్నిటికన్నా ముందు నిలుస్తుంది. ఇక్కడ అల్లోపతికీ మనకూ తగాదా లేదు. మూడు పూటలా కొద్దికొద్దిగా తిని, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి తీసుకోవాలి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు భాగం పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్, మిగిలిన పావు భాగమే అన్నం లేదా రొట్టె. బిర్యానీ, బగారా అన్నం రోజూ కాదు, చిన్న గిన్నెడు ఎప్పుడైనా. భోజనం చేశాక పావుగంట నడక, అదీ డాక్టరు నడవవద్దని చెప్పకపోతేనే.

కర్ణాటకలో స్థిరపడినవారు రాగిని, షోలాపూర్ వైపువారు జొన్నను నమ్ముకుంటారు. మంచిదే. కానీ రాగిలో పిండిపదార్థం లేదనుకుని పెద్ద గ్లాసుల కొద్దీ జావ తాగితే చక్కెర త్వరగా పెరుగుతుంది. జావకన్నా కూరతో తినే రొట్టె మేలు. తేనె, ఖర్జూరం, బెల్లం సహజమైనవి కాబట్టి షుగర్‌కు ఏమీ కాదనడమూ పొరపాటే. అలాగని తల్లిని పస్తు పెట్టకూడదు. బిడ్డ ఎదగాలంటే ఆమె తినాలి.

ఇంకో మాట అత్తగార్లకు. కోడలికి వేరే గిన్నెలో చప్పిడి కూర వండి, మిగతావారు డబల్ కా మీఠా తింటుంటే ఆ పథ్యం వారం కూడా నిలవదు. ఇంటిల్లిపాదీ అదే వంట తింటే మీ షుగరూ అదుపులో ఉంటుంది.

పొడుల సంగతి

మెంతులు, కలోంజీ మన వంటింటివే. తాలింపులో వేసే చిటికెడుతో భయం లేదు. కానీ యునానీ గ్రంథాలే ఈ రెండింటినీ ముదిర్రె హైజ్ ద్రవ్యాలుగా, అంటే బహిష్టును తెప్పించేవిగా చెప్పాయి. అలాంటప్పుడు వాటిని చెంచాల కొద్దీ గర్భవతికి ఎలా ఇస్తాం? పొడపత్రి, కాకరరసం, కుష్తాలు కూడా ఈ తొమ్మిది నెలలు పక్కన పెట్టాలి. ఇన్సులిన్ తీసుకుంటూ చాటుగా పొడపత్రి వాడితే చక్కెర మరీ పడిపోవచ్చు కూడా.

సూది అవసరమైతే

పథ్యం మొదలుపెట్టిన 2 వారాలకు మళ్లీ పరీక్ష చేస్తారు. సాధారణంగా పరగడుపున 95, తిన్న గంటకు 140, రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఈ మూడు అంకెలు ఇంట్లో అందరికీ కంఠతా రావాలి. పథ్యంతో అదుపు కాకపోతే ఇన్సులిన్, కొందరికి మెట్‌ఫార్మిన్ మాత్ర ఇస్తారు. ఏది, ఎంత అనేది డాక్టరు నిర్ణయం. మొదటి రిపోర్టే బాగా ఎక్కువగా ఉంటే 2 వారాలు ఆగకపోవచ్చు. ఇన్సులిన్ వచ్చిందంటే కోడలు పథ్యం తప్పిందని నిందించకండి. మాయ ప్రభావం ముందు ఎంత మంచి పథ్యమైనా ఒక్కోసారి చాలదు.

జీవితాంతం పొడుచుకోవాలన్న భయం చాలామందికి అక్కరలేదు. కాన్పులో మాయ బయటికి వచ్చాక ఎక్కువమందికి ఇన్సులిన్ ఆపేస్తారు. ఇది పందినుంచి తీస్తారన్న సందేహం కొందరిది. పూర్వం పంది, ఆవుల క్లోమాల నుంచి తీసిన మాట నిజం. 1982లో సూక్ష్మజీవుల సాయంతో తయారైన మానవ ఇన్సులిన్‌కు అనుమతి వచ్చింది. నేడు గర్భవతులకు ఇచ్చేది ఆ పద్ధతిలో తయారైనదే.

వణుకు, చెమటలు, కళ్లు తిరగడం ఉంటే చక్కెర పడిపోయిందేమో చూడాలి. 70 కన్నా తగ్గితే, లేదా వెంటనే చూసే వీలు లేకపోతే, 3 చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, తర్వాత ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్ తీసుకుంటున్నవారు డాక్టరును అడగకుండా రోజా ఉండకూడదు. తనకో బిడ్డకో హాని కలుగుతుందంటే గర్భవతికి రోజా వాయిదా వేసుకునే సడలింపు మన ధర్మమే ఇచ్చింది.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

తొలి కాన్పుకు అమ్మాయి బళ్లారి నుంచి కర్నూలుకో, భివండీ నుంచి కరీంనగర్‌కో వెళుతుంది. చీరలతోపాటు పరీక్షల ఫైలు, ఇన్సులిన్ మోతాదు రాసిన చీటీ కూడా సర్దండి. అక్కడి డాక్టరుకు మొదటి వారంలోనే చూపించండి. కాన్పయిన 6 వారాలకు మళ్లీ షుగర్ పరీక్ష తప్పదు. ఎందుకంటే ఈ తల్లులకు తర్వాతి కాలంలో షుగర్ వ్యాధి వచ్చే అవకాశం మిగతావారికన్నా చాలా ఎక్కువ. ఆ పరీక్ష బాగున్నా ఏడాదికోసారి చూపించుకోవాలి. బిడ్డ నలభయ్యో రోజు వేడుక గుర్తుంటుంది కదా, తల్లి పరీక్ష కూడా ఆ రోజుల్లోనేనని గుర్తు పెట్టుకోండి.